బోర్డుల కాక కొలిచిన బండి

పాడిల్ బోర్డును చంకలో ఇరికించుకుని మోయకూడదని నాకు నేర్పింది ఈత రాని మనిషి. ధర్మసాగర్ రిజర్వాయర్‌లో ఆయన ఎన్నడూ మోకాలి లోతు దాటి దిగలేదు. అయినా మూడేళ్లపాటు మా బోర్డులన్నీ ఆయన నెత్తి మీదే నీళ్ల దాకా వెళ్లాయి, ఆయన నెత్తి మీదే షెడ్డుకు తిరిగొచ్చాయి. చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. పాడిల్ బోర్డంటే మనిషి నిలబడి తెడ్డు వేసుకుంటూ పోయే పొడుగాటి పలక. పదిన్నర అడుగుల పొడవు, రెండున్నర అడుగులకు పైన వెడల్పు. బరువు పెద్దగా ఉండదు గానీ, గాలి తగిలిందంటే మోసే మనిషిని గిర్రున తిప్పి పారేస్తుంది.

మొన్న పొద్దున కట్ట మీద టీ అమ్మే ఆమె ఫోన్ చేసింది. "సారూ, బోర్డుల కాక పోయిండు. మూడొద్దులాయె. మీకెవలన్న జెప్పిన్రో లేదో అని జేసిన" అంది. ఎవరూ చెప్పలేదు. ఎవరు చెబుతారు? ఆ ఇంటికి నేను వెళ్లడం మానేసి చాలా కాలమైంది. నిజం చెప్పాలంటే ఎన్నడూ వెళ్లలేదు, వెళ్తానని చెప్పి ఎగ్గొట్టాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. చనిపోయినవాళ్ల పేరు రాసి, నాలుగు మంచి మాటలు పేర్చి, కళ్లు తుడుచుకున్నట్టు నటించే వ్యాసాలు నేను చాలా చదివాను. చదివిన ప్రతిసారీ పళ్లు కొరుక్కున్నాను. ఇప్పుడు నేనే కూర్చున్నాను కాబట్టి, కనీసం ఆ పేరును ఇందులోకి లాగకుండా ఉంటే మేలు.

నేను హనుమకొండలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. నాకు నోటి దురుసు ఎక్కువని నా భార్య అంటుంది. కరెక్టే. నా బామ్మర్దికి ఐడియాలు ఎక్కువ, ఓపిక తక్కువ. ఇద్దరం కలిసి ధర్మసాగర్ కట్ట మీద ఒక రేకుల షెడ్డు వేసి, ఆదివారాలు హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకు పాడిల్ బోర్డులు కిరాయికిద్దామని బయల్దేరాం. బోర్డులు వచ్చిన రోజు డీసీఎం బండి కట్ట కిందే ఆగిపోయింది. పైకి మేమే మోసుకోవాలి. నేను ముందు, బామ్మర్ది వెనక, బోర్డు ఇద్దరి చంకల్లో. గాలి వీచింది. బోర్డు తిరిగింది. బామ్మర్ది తుమ్మ చెట్టుకు కొట్టుకున్నాడు, నేను కూలబడ్డాను.

టీ కొట్టు బల్ల మీద ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. అరవై ఏళ్లుంటాయి. చేపల కాంట్రాక్టరు దగ్గర పని అడగడానికి వచ్చి, దొరక్క, టీ తాగుతున్నాడు. నవ్వలేదు. గ్లాసు కింద పెట్టి లేచి వచ్చాడు.

"గాలికి అడ్డం వట్టుకున్నరు సారు. ముక్కును గాలి దిక్కు వెట్టి నెత్తికెత్తుకోవాలె" అన్నాడు.

"ఇవెప్పుడన్నా మోసినవా అన్నా?" అని అడిగాను, కొంచెం కసిగానే.

"గివి మొయ్యలే. జంపఖానా సుట్టలు మోసిన. అవి గుడ్డ, గివి పలక. గాలికి రెండు ఒక్కటే."

భుజం మీది తువ్వాలు తీసి చుట్టగా చుట్టి నెత్తి మీద పెట్టుకున్నాడు. బోర్డును ఒక అంచు మీద నిలబెట్టి, కిందికి వంగి, అలా పైకి లేచాడు. అంతే. బోర్డు ఆయన నెత్తి మీద పడుకుంది. ఒక చెయ్యి మాత్రం అంచుకు ఆనించి, గాలి తగిలినప్పుడు ఆగి, గాలి వైపు ముక్కు తిప్పి, గాలి తగ్గాక మళ్లీ నడిచాడు. గాలితో కొట్లాడలేదు. గంటలో అన్నీ షెడ్డులో ఉన్నాయి. ఆ మరుసటి ఆదివారం నుంచి మా దగ్గరే పని.

వరంగల్ కొత్తవాడ మనిషి. తరతరాలుగా జంపఖానాలు నేసే ఇల్లు. మగ్గం అమ్మేసి అప్పటికి రెండేళ్లయిందట. ఆ సంగతి గురించి నేను ఒక్కసారే అడిగాను. "మగ్గం అమ్ముకున్నంక చేతులకు పని లేదు, మెడకు పని లేదు సారు. గీ బోర్డులు వచ్చినంక మెడకన్న పని దొరికింది" అన్నాడు.

ఆయనకు రెండు అలవాట్లుండేవి, రెండూ నాకు చిరాకే. ఒకటి నీళ్ల గురించి. రిజర్వాయర్ నీళ్లంటే మనం తాగే నీళ్లు అన్న మాట ఆయన మరిచిపోడు, ఎవర్నీ మరవనివ్వడు. ఒకసారి గచ్చిబౌలి నుంచి వచ్చిన ఒకాయన, నల్లద్దాలూ అవీ, నీళ్లలోంచి వచ్చి ఒడ్డునే షాంపూ ప్యాకెట్ చింపాడు. ఈయన బోర్డు నెత్తిన పెట్టుకుని అలాగే ఆయన ముందు ఆగాడు. "జర ఆగు బాబూ. గా నీళ్లే రేపు పొద్దుగాల హన్మకొండ నల్లాల వస్తయి. నీ నురుగు మా సారు తాగుతడు" అన్నాడు. అందరూ నావైపు చూశారు. గచ్చిబౌలి ఆయన మళ్లీ రాలేదు. నేను రెండు రోజులు కాకతో ముభావంగా ఉన్నాను. ఆయనకు అది అర్థమైనట్టు కూడా లేదు.

రెండోది కొలవడం. జేబులో ఎప్పుడూ ఒక నూలు ఉండ ఉండేది. ఊరికే కూర్చోడు. షెడ్డు తలుపు కొలిచేవాడు, టీ కొట్టు బల్ల కొలిచేవాడు, నిద్రపోతున్న నా బామ్మర్దిని కొలిచేవాడు. కొలిచిన చోట దారానికి ముడి వేసేవాడు. టేపు ఇస్తే తీసుకోడు. "టేపు అంకె జెప్తది. మనిషి అండ్ల పడ్తడా లేదా అది జెప్పది" అనేవాడు. ఏది కొత్తగా పెట్టినా, కుర్చీ గానీ గొడుగు గానీ, "ముందుగాల కూసుండి సూడున్రి. కూసుంటే తెలుస్తది" అనడం ఆయన మాట. బామ్మర్ది ఆ మాటను వెక్కిరిస్తూ అనేవాడు. తర్వాత తర్వాత మేమిద్దరం వెక్కిరింపు మరిచిపోయి మామూలుగానే అనడం మొదలుపెట్టాం.

రెండో ఏడు బామ్మర్దికి ఇంకో ఐడియా వచ్చింది. క్యాంపర్ వ్యాన్. బండిలోనే పడక, బండిలోనే వంట, కింద రెండు బోర్డులు. ఎక్కడ నీళ్లుంటే అక్కడ ఆపుకోవడం. మా కాలేజీ వాళ్లు ఒక పాత స్కూలు వ్యాన్‌ను తీసేస్తుంటే కొన్నాం. సీట్లు పీకేస్తే లోపల పన్నెండడుగుల పొడవు, అయిదున్నర అడుగుల వెడల్పు ఖాళీ మిగిలింది. బామ్మర్ది ల్యాప్‌టాప్‌లో బొమ్మలు గీశాడు. ఒక పక్క నిలబడి వండే కిచెన్, సింకు, మడత టేబుల్, వెనక పరుపు. బోర్డులు ఎక్కడ పెట్టాలో మాత్రం తెలియలేదు. టాపు మీద కడితే గాలికి లేచిపోతాయి.

బోర్డుల కాకకు ఆ బొమ్మ చూపించాం. చాలాసేపు చూశాడు. "గిండ్ల ఎవలుంటరు?" అని అడిగాడు.

"టూరిస్టులు కాకా."

"వాళ్లు పొద్దుగాల లేసి ముందుగాల ఏం జేత్తరు?"

బామ్మర్ది తల గోక్కున్నాడు. "ఏం చేస్తరు? ఫోన్ చూస్తరు."

"పక్క మడుస్తరు. మడిసిన పక్క యాడ వెడ్తరు?"

బొమ్మలో దానికి చోటు లేదు. ల్యాప్‌టాప్ మూసేశాం. పని లేని నాడు వస్తా, మీ మేడ మీద జాగ ఇవ్వండి అన్నాడు కాక.

ఆ ఆదివారం పని లేదు, వాన పడి వెలిసింది. మా ఇంటి మేడ మీద ఆయన ఇటుకలు పేర్చి వాటికి దారాలు చుట్టాడు. బండి ఎంత ఉందో అంతా, నిజం కొలతలోనే. మిగిలిపోయిన జంపఖానా నూలు తెచ్చాడు. తెల్ల దారం బండి గోడ. ఎర్ర దారం అరుగు. పచ్చ దారం కదిలే సామాను. పచ్చ దారాల మధ్యలో మా ఇంటి స్టవ్వు, ఒక బిందె, ఒక పరుపు తెచ్చి పెట్టించాడు. తర్వాత మమ్మల్ని లోపలికి రమ్మన్నాడు. తలుపు దగ్గర నుంచే రావాలి.

బామ్మర్ది పక్క నుంచి దాటాడు. "సారూ, గోడల కెళ్లి వస్తానరు" అన్నాడు ఈయన. నవ్వుతూ కాదు, నిజంగానే బాధపడి. బామ్మర్ది వెనక్కి వెళ్లి తలుపు లేని తలుపులోంచి వచ్చాడు. నా భార్య అది చూసి నవ్వీ నవ్వీ, తానూ వచ్చి కూర్చుంది.

నేతగాళ్లకు తెలిసినట్టు ఇరుకు ఇంకెవరికీ తెలియదని ఆ రోజు అర్థమైంది. వాళ్లకున్నది ఒకటే గది. ఆ గదిలో మగ్గం సగం. మిగిలిన సగంలో పుట్టడం, పెరగడం, వండుకోవడం, పడుకోవడం. గుంట మగ్గం దగ్గర నేసే మనిషి గుంటలో కాళ్లు పెట్టి నేల మీద కూర్చుంటాడు. కండెలు, నూలు, నీళ్లు, అన్నీ చెయ్యి చాపినంత దూరంలో ఉంటాయి. లేవడు. ఆయన బండిని అలా ఆలోచించాడు. బండిలో గుంట తవ్వలేం కాబట్టి చుట్టూ ఎత్తు చేశాడు. ఎడమ వైపు మోకాలెత్తు వెడల్పు అరుగు, దాని కింద రెండు బోర్డులు ఒకదాని మీద ఒకటి, వెనక తలుపులోంచి తోస్తే లోపలికి జారిపోతాయి. కుడి వైపు సన్న అరుగు, దాని మీద స్టవ్వు, నీళ్లు. నడుమ కాళ్లు పెట్టుకునే గుంట. రాత్రికి గుంట మీద పలకలు పరిస్తే బండంతా మంచమే. మూలకు తెర కట్టి దొడ్డి డబ్బా. అది కూడా అరుగు మీంచి జరిగితే అందేలా ఉంది.

"చెల్లె, ఛాయ్ పెట్టు" అన్నాడు నా భార్యతో. ఆమె స్టవ్వు వెలిగించింది. చక్కెర డబ్బా కోసం సగం లేచింది.

"లేవొద్దు. లేసినవంటే నా కొలత తప్పు." వెంటనే పచ్చ దారం విప్పి డబ్బాను దగ్గరికి జరిపి మళ్లీ కట్టాడు.

అలా మూడుసార్లయింది. నా భార్యకు విసుగొచ్చింది. "లేస్తే ఏమైతదన్నా? కాళ్లున్నయి గదా?" అంది.

ఆయన దారం ముడి వేస్తూ ఆగాడు. "అందరికి ఉండయి చెల్లె" అన్నాడు.

అప్పుడు చెప్పాడు. ఆయన భార్య ఎనిమిదేళ్ల కిందట అటక మీది నుంచి పడింది. దవాఖానల చుట్టూ తిరిగారు. నడుము కింద సత్తువ రాలేదు. పిల్లలు లేరు. ఆమె పుట్టిల్లు నెక్కొండ. అక్కడ ఆమె అక్క ఒక్కతే ఉంది, ఆ అక్కకు కళ్లు పోయాయి. "ఈమెకు పోరాదు, ఆమెకు రారాదు. ఫోన్ల మాట్లాడుకుంటరు, ఏడుస్తరు, పెట్టేస్తరు. ఎనిమిదేండ్లాయె అక్కాచెల్లెండ్లు ఒకలి చెయ్యి ఒకలు ముట్టుకోక."

"నెక్కొండ ఎంత దూరమన్నా? ఆటో మాట్లాడుకుంటే గంట" అన్నాను నేను. ఫిజిక్స్ చెప్పేవాణ్ణి, దూరాన్ని వేగంతో భాగించడం వచ్చు.

"ఎత్తి కూసోవెట్టాలె సారు. పదిమంది సూడంగ మూట లెక్క ఎత్తుతే నేను రాను అంటది. తొవ్వల ఒకటికొస్తే ఎట్ల అంటది. దాని మాట గూడ నిజమే. గీ బండైతే మా ఇంటి అరుగు కాడికి ఎనుకటి తలుపు ఆనియ్యచ్చు. నడుమ పలక ఏస్తే కూసున్న కాడికెళ్లి జరుక్కుంట లోపటికొస్తది. ఎవ్వలు ఎత్తుడు లేదు. మా అరుగు గూడ కొలిచిన." జేబులోంచి ఇంకో దారం తీసి ముడి చూపించాడు. నా మొహం చూడకుండా అన్నాడు. "ఒక్క దినం ఇత్తరా సారు బండి?"

నా భార్య కళ్లు తుడుచుకుంటోంది. నాకు ఉత్సాహం పొంగింది. అలాంటి సమయంలో మాట ఇవ్వడం కంటే సులువైన పని ఇంకోటి ఉండదు. "ఒక్క దినం ఏందన్నా? మొదటి ట్రిప్పే మీది. బండి తయారైన నాడు ఇంకెక్కడికీ పోదు, ముందు నెక్కొండకే పోతది" అన్నాను. బామ్మర్ది కూడా చప్పట్లు కొట్టాడు. ఆయన దారాలు విప్పి, రంగు రంగుకు వేరుగా చుట్టుకున్నాడు. ఇటుకలు కూడా తెచ్చిన చోటే పేర్చి వెళ్లాడు.

బస్సులకు బాడీలు కట్టే ఒక వర్క్‌షాపులో పని ఇచ్చాం. మేస్త్రీకి కాగితం బదులు దారాల ఉండ ఇచ్చేసరికి, పనివాళ్లందరినీ పిలిచి చూపించి నవ్వాడు. ముడులకు టేపు పెట్టి ఒక్కొక్కటే అంకె రాసుకున్నాడు. ప్లైవుడ్ కోశాక మళ్లీ నన్ను పిలిచాడు. ఈసారి నవ్వలేదు. "ఒక్కటి గూడ అటిటు కాలేదు సార్. ఈయన ఏ కంపెనీల జేసిండు?" అని అడిగాడు. అరుగు కింద రెండు బోర్డులు నునుపుగా జారి లోపలికి పోయాయి. గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటే స్టవ్వూ నీళ్లూ చేతికి అందాయి. నేను కూర్చుని చూశాను. ఎక్కడా లేవాల్సిన పని పడలేదు.

బండి తయారైన వారం బామ్మర్ది స్నేహితుడొకడు వీడియోలు చేసే జంటను తీసుకొచ్చాడు. వాళ్లు ఒక్క వీడియో పెడితే చాలు, బుకింగులు ఆగవు అన్నాడు. "అన్నా, ఈ ఒక్కటి పోనీ, వచ్చే వారం మీది" అన్నాను. "కానీయున్రి సారు" అన్నాడు. వీడియో నిజంగానే తిరిగింది. వచ్చే వారం లక్నవరం. ఆ పై వారం రామప్ప. తర్వాత వరసగా శని, ఆదివారాలు. వారం మధ్యలో కాలేజీ. ప్రతి సోమవారం బండి వస్తే ఆయనే కడిగేవాడు. అరుగు మీద పడ్డ ఇసుకను చీపురుతో కాదు, చేత్తో తుడిచేవాడు.

"పోయినోళ్లు మంచిగ పండుకున్నరా సారు? కాళ్లకు జాగ సరిపోయిందట్నా?" అని అడిగేవాడు. ఆ అడగడంలో ఇంకో ప్రశ్న దాచాడేమోనని నేను వెతికేవాణ్ణి. దాచలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగేవాడు. అది నాకు ఇంకా కష్టంగా ఉండేది.

చివరికి నా భార్యే పోరు పెట్టింది. "ఆమె ఎదురుచూస్తాంది. మీకు సిగ్గు లేదా?" అంది. కాలేజీకి సెలవు పెట్టి, ఒక మంగళవారం ఖాయం చేశాను. నేనే నడుపుతాను, పొద్దున ఏడుకు మీ ఇంటి ముందుంటాను అని చెప్పాను. ఆయన సంతోషం నాకు కనపడింది. ఎలాగంటే, ఆ రోజు ఒక బోర్డును తప్పు గూట్లో పెట్టాడు. మూడేళ్లలో అదొక్కసారే.

సోమవారం సాయంత్రం బామ్మర్ది ఫోన్. "బావా, ప్రీ వెడ్డింగ్ షూట్. వరంగల్ ఖిలాలో. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకే. పెద్దోళ్లు, కాదంటే బాగుండదు. కాకకు రేపు కాకపోతే ఎల్లుండి." ఎల్లుండి నాకు సెలవు లేదని వాడికీ తెలుసు, నాకూ తెలుసు. నేను కాసేపు గునిసి, సరే అన్నాను. ఎవరూ నా మెడ మీద కత్తి పెట్టలేదు. సరే అన్నది నేనే.

మంగళవారం పొద్దున ఆరున్నరకు ఫోన్ చేశాను. ఒక్క రింగుకే ఎత్తాడు. వెనక ఆడమనిషి గొంతు వినపడుతోంది, ఎవరికో చెబుతోంది, సారు వస్తాండట అని.

"అన్నా, బ్రేకులు పడతలేవు. మెకానిక్ దగ్గర ఉంది బండి" అన్నాను.

"అట్లనా సారు. ఏం ఫికర్ జెయ్యకున్రి. బ్రేకులు లేని బండిల మీరు గూడ ఎక్కకున్రి, జాగ్రత్త" అన్నాడు.

నా జాగ్రత్త గురించి అన్నాడు. ఫోన్ పెట్టేసి నేను ఇడ్లీ తిన్నాను. నా భార్య ఆ రోజు నాతో మాట్లాడలేదు.

రాత్రి బామ్మర్ది వచ్చి తాళాలిస్తూ చెప్పాడు. "పొద్దున ఖిలాకు పోతుంటే కాక కనపడ్డడు బావా. తెల్లంగీ తొడుక్కొని, పాల ప్యాకెట్ వట్టుకొని, రోడ్డు పక్కన నిలబడ్డడు. బండి ముందర బంతిపూల దండలు కట్టినం గదా, మంచిగ చూసిండు. చెయ్యి గూడ ఎత్తిండు." వాడికి నేను చెప్పిన అబద్ధం తెలియదు. అందుకే నవ్వుతూ చెప్పాడు.

మర్నాడు ఆయన ఏమంటాడో అనుకుని, ఇంకో అబద్ధం సిద్ధం చేసుకుని, కాలేజీ అయ్యాక కట్ట మీదికి వెళ్లాను. బ్రేకులు తొందరగా బాగయ్యాయి, మీకు ఫోన్ చేసేలోపు వీడు తీసుకుపోయాడు, ఇలాంటిదేదో. అక్కర్లేకపోయింది. ఆయన తువ్వాలు చుట్ట చేసి నెత్తిన పెట్టుకుంటూ, "బ్రేకులు మంచిగైనయా సారు?" అన్నాడు.

"అయినయన్నా."

"మంచిది." బోర్డెత్తుకుని గాలి వైపు ముక్కు తిప్పి వెళ్లిపోయాడు.

నాకు ఆయన మీద ఎంత కోపమొచ్చిందో చెప్పలేను. ఒక్క తిట్టు తిట్టి ఉంటే నేను ఎదురు తిరిగేవాణ్ణి, అరుచుకునేవాళ్లం, ఆ వారమే సిగ్గు పడి బండి తీసుకెళ్లేవాణ్ణి. ఆయన ఆ దారి ఇవ్వలేదు. నేనే వెతుక్కోవాల్సిన దారి అది. వెతుక్కోలేదు. ఆయన మళ్లీ నెక్కొండ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఎత్తకుండా ఒక నెల గడిస్తే రెండో నెల ఎత్తడం కష్టం. నాలుగు నెలలు గడిస్తే అది అసలు జరగని సంగతి అయిపోతుంది. ఒక్కటి మాత్రం గమనించాను. "కూసుండి సూడున్రి" అనడం ఆయన మానేశాడు. బోర్డులు మోశాడు, బండి కడిగాడు, ఎవరైనా షాంపూ తీస్తే గద్దించాడు. కొలవడం కూడా మానేశాడు.

ఆ ఎండాకాలం ఒక రోజు సెలవు అడిగాడు. "మా వదినె పోయింది సారు, నెక్కొండల. రైలుకు పోయొస్త." ఒక్కడే వెళ్లాడు. ఒక్కడే వచ్చాడు. నేను "అయ్యో" అన్నాను. ఆ అయ్యో నా చెవికే అసహ్యంగా వినపడింది. ఆయన మాత్రం, "పెద్ద మనిషే సారు, కష్టపడకుంట పోయింది" అని నన్నే సముదాయించాడు.

ఆ తర్వాత నాకూ బామ్మర్దికీ చెడింది. షెడ్డు మూతపడింది. బోర్డులు ఎవరికో అమ్మాం. వ్యాన్‌ను హైదరాబాద్ నుంచి ఒక కుర్రాడొచ్చి కొన్నాడు. అరుగు మీద కూర్చుని, గుంటలో కాళ్లు పెట్టి, పక్కలకు చేతులు చాపి చూసి, "ఈ లేఔట్ ఎవరు డిజైన్ చేశారండీ?" అని అడిగాడు. "మేమే" అన్నాడు బామ్మర్ది. నేను పక్కనే ఉన్నాను. మాట్లాడలేదు.

టీ ఆమె ఫోన్ చేసిన మర్నాడు కొత్తవాడకు వెళ్లాను. సన్న గల్లీ. ఇంటి ముందు అరుగు. ఆ అరుగు ఎత్తు ఎంతో చూడకుండానే లోపలికి పోవాలనుకున్నాను గానీ, కళ్లు దాని మీదే పడ్డాయి. లోపల ఒకటే పొడుగాటి గది. ఒకప్పుడు గుంట ఉన్న చోట సిమెంటు పూశారు. దాని పక్కన జంపఖానా మీద గోడకు ఆనుకుని ఆమె కూర్చుని ఉంది. నేను ఊహించుకున్న మనిషి కాదు. నిటారుగా, గట్టి గొంతుతో, కళ్లు ఎర్రబడి ఉన్నాయి గానీ ఏడవడం లేదు.

ఎవరినని చెప్పుకున్నాను. "సారా? రాండ్రి, కూసోండ్రి" అంది. కూర్చున్నాను. పొద్దున లేచి నీళ్లు తాగుతూనే ఒరిగిపోయాడని చెప్పింది. గుండె అన్నారట. దవాఖానకు తీసుకుపోయే వ్యవధి కూడా లేదట.

ఏం మాట్లాడాలో తెలియక, మాట్లాడకూడనిదే మాట్లాడాను. "వదినా, మీరెప్పుడన్నా నెక్కొండకు పోవాలనుకుంటే చెప్పండి. నేను పెద్ద కారు తీసుకుని వస్తాను."

"ఎవలున్నరు సారు ఇప్పుడక్కడ?" అంది, మామూలుగా. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని నన్ను చూసింది. "మిమ్ములనైతే ఒక్క మాట అననిచ్చెటోడు కాదు. సారు మాట తప్పలే, బండి తయారు జేయించిండు, నేనే ముడి తప్పేసిన అన్నడు. గుంట ఇరుకైంది, నీ కాళ్లు అండ్ల పట్టయి, లోపట కూసోరాదు అన్నడు. అందుకే సారు గూడ ఏం జెయ్యలేకపోయిండు అన్నడు."

నేను సిమెంటు పూసిన గుంట వైపు చూశాను.

"ఆ పొద్దు నేను నాలుగింటికే లేసి తానం జేసిన సారు. పట్టు సీర కట్టుకున్న. అరుగు మీద కూసున్న. గల్లీల అందరు వచ్చి సూసి పోయిన్రు. మీ ఫోన్ వచ్చినంక పాల ప్యాకెట్ తెస్తనని పోయిండు, ఎంతసేపటికి రాలే. వచ్చి గీ మాట జెప్పిండు. నాకెంత మండిందో. పుట్టిననాటి సంది ముడులేసినోనివి, నా ఒక్కదానికే తప్పేసినవా అన్న. మా అక్క సచ్చిపోయిన నాడైతే నీ చేతులిరగ అని తిట్టిన. నెల దినాలు మాట్లాడలే. అన్నం పెట్టకుంటే తనే వండుకొని నాకు పెట్టిండు. నిన్న మొన్నటి దాక గూడ ఏదన్న కోపమొస్తే గదే ఎత్తుకునేదాన్ని. ఒక్కనాడు ఎదురు మాట్లాడలే సారు. అవునే, నాదే తప్పు అనెటోడు."

ఆమె ఆగి, చీర కుచ్చిళ్లను కాళ్ల మీద సర్దుకుంది. ఆ కాళ్లను చేత్తో ఎత్తి పక్కకు పెట్టుకుంది.

"ఒకటి అడుగుత సారు. గా ముడి మల్ల సరిజేయించిన్రా?"

ఇక్కడ నేను చెప్పాల్సింది ఒకటే వాక్యం. ఆ వాక్యానికి నాలుగు మాటలు కూడా అక్కర్లేదు. ఆమె ఎదురుగా ఉంది, గదిలో ఇంకెవరూ లేరు, నన్ను ఎవరూ తొందర పెట్టడం లేదు.

"చేయించినం వదినా" అన్నాను.

"మంచిది" అంది ఆమె. "ఎనుకొచ్చెటోళ్లకన్న పనికొస్తది."

లేచాను. ఛాయ్ తాగి పొమ్మంది, తాగలేదు. గల్లీ చివర దాకా నడిచి, అక్కడొక గోడకు ఆనుకుని చాలాసేపు నిలబడ్డాను. తిరిగి వెళ్లి చెప్పొచ్చు. ఈ పూట కూడా వెళ్లొచ్చు, రేపు కూడా వెళ్లొచ్చు. మా ఇంటి నుంచి కొత్తవాడ అరగంట. వెళ్లనని నాకు తెలుసు. చెబితే ఆమె ఏం చేస్తుందోనని కాదు భయం. ఆయన్ని అన్న మాటలన్నీ ఆమె ఒక్కొక్కటే వెనక్కి తీసుకోవాల్సి వస్తుంది. తీసుకోవడానికి ఆయన లేడు. ఇది కూడా నేను నా కోసం తయారు చేసుకున్న సాకే కావచ్చు. సాకులు వెతకడంలో నాకు మంచి అలవాటుంది.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆయన ఏ ముడీ తప్పు వేయలేదు. గుంట ఆమె కాళ్లకు సరిగ్గా సరిపోయేది. తప్పింది నేను. ఇంత విడమరిచి రాయడానికి నాకు ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరికైనా అనుమానం రావచ్చు, అదీ చెబుతాను. ఆమెకు చదువు రాదు. ఆ ఇంట్లో చదవడం వచ్చిన మనిషి ఆయన ఒక్కడే.